చావుకు సొగసులు దిద్దింది బరోక్ కాదు

పదిహేడో శతాబ్దపు బరోక్ చిత్రకళ మీద ఒక తీర్పు ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆ కాలపు చిత్రకారులు చర్చికీ రాజులకూ కూలికి పనిచేశారనీ, వీరుల ఆత్మబలిదానాన్ని గోడంత కాన్వాసుల మీద గీసింది చూసేవాళ్లను చావుకు సిద్ధం చేయడానికేననీ ఆ తీర్పు చెబుతుంది. ఆకాశం వైపు తేలిన కళ్లు, బార్లా చాచిన చేతులు, చీకటిని చీల్చుకుని పడే వెలుగు అన్నీ నాటకమని, ఆ నాటకం వెనక ఉన్నదంతా ప్రచారమని తేల్చేస్తుంది. కళాచరిత్ర పాఠాల్లో, మ్యూజియం గోడల మీది వివరణల్లో, పత్రికా వ్యాసాల్లో ఇదే మాట తిరిగి తిరిగి వినిపిస్తుంది. చదువుకున్నవాళ్లు కూడా చిత్రం ముందు నిలబడకుండానే దాన్ని ఒప్పేసుకుంటున్నారు. ఈ తీర్పు మూలంలోనే తప్పు. గాయాన్ని తుడిచేసి, చావును కడిగి శుభ్రం చేసి, బడిపిల్లల చేతికి ఆదర్శంగా అందించిన చిత్రకళ యూరప్‌లో నిజంగానే ఉంది. అది బరోక్ పోయాక, బరోక్‌ను ఈసడించుకున్నవాళ్ల చేతుల్లో పుట్టింది. ఆ నేరాన్ని తెచ్చి కరవాజ్జో మీద, రూబెన్స్ మీద, రెంబ్రాంట్ మీద మోపడం అన్యాయం.

ఆరోపణకు పెద్ద వంశవృక్షమే ఉంది. 1755లో జర్మన్ పండితుడు వింకెల్‌మన్ గ్రీకు శిల్పాల నిరాడంబరతనూ ప్రశాంతతనూ నెత్తిన పెట్టుకుని, ఇటలీ బరోక్ శిల్పి బెర్నీనీ తరహా కళను దారి తప్పిన కళగా చూపించాడు. 1766లో లెస్సింగ్ 'లావోకోన్' అనే గ్రంథంలో, చిత్రకారుడూ శిల్పీ వేదన పరాకాష్ఠకు చేరిన క్షణాన్ని ఎంచుకోకూడదని వాదించాడు. 1929లో ఇటలీ తత్వవేత్త క్రోచే బరోక్‌ను ఒక రకమైన కళావికారంగానే లెక్కగట్టాడు. 1975లో స్పెయిన్ చరిత్రకారుడు మారవల్ దీనికి రాజకీయ రూపమిచ్చి, బరోక్ సంస్కృతి అంటే జనాన్ని పైనుంచి నడిపించే యంత్రాంగమన్నాడు. నలుగురూ నాలుగు వేర్వేరు మాటలు చెప్పారు. కాలక్రమంలో అవన్నీ కలిసిపోయి ఒకే నిందగా మిగిలాయి.

ఇందులో ఒప్పుకోవలసింది ఉంది, ఒప్పుకుంటాను. 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ తన చివరి సమావేశంలో పవిత్ర చిత్రాల మీద శాసనం చేసింది. భక్తులకు బోధ చేయడం, వాళ్లను ఆదర్శాల వైపు కదిలించడం చిత్రం పని అని నిర్ణయించింది. ఆ తర్వాత కతోలిక చర్చి డబ్బు ఇచ్చి వేల చిత్రాలు గీయించింది. నిఖార్సైన ప్రచారం ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు రోమ్‌లోని సాంతో స్తేఫానో రోతోందో చర్చికి వెళ్లాలి. జెస్విట్ల ఆధీనంలో ఉన్న ఆ గుండ్రటి చర్చి గోడల మీద 1580లలో నికొలో చిర్చిన్యానీ హతసాక్షుల మరణాలను వరసగా గీశాడు. ఉడకబెట్టడం, కోయడం, నలగ్గొట్టడం అన్నీ ఉంటాయి. ప్రతి దృశ్యంలోనూ ఎ, బి, సి అని అక్షరాలుంటాయి, కింద వాటికి వివరణ ఉంటుంది. పరమత ప్రాంతాలకు వెళ్లి ప్రాణాలివ్వడానికి తయారవుతున్న యువకులకు అవి పాఠ్యచిత్రాలు. నరుకుతున్నా ఆ ముఖాల్లో చలనం ఉండదు. ఒళ్లు తెగుతోంది గానీ బరువు కనిపించదు. నింద వేయాలంటే ఇక్కడ వేయండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఇవి బరోక్ కంటే ముందువి. బరోక్ చిత్రకారులు ఇలాంటి గోడలను చూసి, వాటికి జవాబుగా ఏం గీశారన్నది అసలు ప్రశ్న.

జవాబు మాల్టాలో ఉంది. వలెట్టా నగరంలో పునీత యోహాను పేరిట కట్టిన చర్చికి ఆనుకుని ఒక ప్రార్థనా మందిరం ఉంది. మాల్టా వీరసన్యాసుల సంఘంలో కొత్తగా చేరిన యువకులకు అక్కడ శిక్షణ ఇచ్చేవారు. 1565లో ఒట్టోమాన్ సైన్యం ముట్టడించినప్పుడు సెయింట్ ఎల్మో కోటలో ఆ సంఘం వీరులు దాదాపు అందరూ చనిపోయారు. ఆ త్యాగం తలుచుకుంటూ పెరిగిన సంఘం అది. అక్కడి యువకుల కళ్లెదుట ఉండేలా, సంఘానికి ఇలవేల్పు లాంటి బాప్తిస్మమిచ్చు యోహాను మరణాన్ని 1608లో కరవాజ్జో గీశాడు. వెడల్పు ఐదు మీటర్లకు పైనే. ప్రచారం చేయాలనుకుంటే ఇంతకంటే మంచి చోటు, మంచి అవకాశం, మంచి ప్రేక్షకులు దొరకరు.

ఇంతకీ ఆయన గీసిందేమిటి? జైలు ఆవరణ. యోహాను నేలమీద బోర్లా పడి ఉన్నాడు, చేతులు వెనక్కి విరిచి కట్టారు. కత్తి ఒక వేటు వేసింది, అయినా తల పూర్తిగా తెగలేదు. కత్తి పక్కన పడేసిన తలారి ఎడమచేత్తో జుట్టు పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి పెట్టి నడుముకున్న చిన్న బాకు కోసం తడుముతున్నాడు. మిగిలిన పని బాకుతో ముగించాలి. తాళాల గుత్తి వేలాడుతున్న జైలు అధికారి వేలితో పళ్లెం చూపిస్తున్నాడు, తల ఇందులో వేయమన్నట్టు. పళ్లెం పట్టుకున్న అమ్మాయి ముందుకు వంగింది. ఒక ముసలామె రెండు చేతులతో తల పట్టుకుంది. ఆ గుంపు మొత్తంలో జరుగుతున్నదేమిటో అర్థమైనది ఆమెకే. కుడివైపు దాదాపు సగం కాన్వాసు ఉత్త గోడ. ఆ గోడకున్న ఊచల కిటికీలోంచి ఇద్దరు ఖైదీలు మెడలు సాచి చూస్తున్నారు.

ఆకాశం లేదు. దేవదూత లేడు. హతసాక్షి చేతికందించే ఖర్జూరపు మట్ట లేదు. మన వీరగల్లుల్లో కింది అరలో వీరుడు పడిపోతే, మీది అరలో అప్సరసలు చెరో చేయి పట్టుకుని అతన్ని పైకి తీసుకుపోతారు కదా, ఆ మీది అరను కరవాజ్జో ఇక్కడ తీసేశాడు. చావబోయే కుర్రవాళ్లకు చావు తర్వాతి గౌరవం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఈ పని ఎలా జరుగుతుందో, ఎవరు చేస్తారో, ఎంత మామూలుగా చేస్తారో మాత్రం చెప్పాడు. లెస్సింగ్ సూత్రంతో కొలిచినా ఈ చిత్రం దొరకదు. ఇది పరాకాష్ఠ క్షణం కానే కాదు. వేటుకూ బాకుకూ మధ్య మిగిలిపోయిన వెలితి ఇది. నాటకం తెలిసినవాడు ఎవడూ ఎన్నుకోని క్షణం. యోహాను మెడ నుంచి కారిన నెత్తుటి మడుగులోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం చేసినట్టు మనకు తెలిసిన చిత్రం ఇదొక్కటే. అదే ఏడాది జులైలో ఆయన్ను వీరసన్యాసిగా చేర్చుకున్న సంఘం, డిసెంబరు 1న, ఆయన పరారీలో ఉండగా, ఇదే మందిరంలో ఈ చిత్రం ముందే సమావేశమై బహిష్కరించింది. యజమాని నోటిమాట పలికిన ప్రచారకుడి కథ ఇలా నడవదు.

కరవాజ్జో తిరుగుబోతు గనక ఆయన్ను లెక్కలోకి తీసుకోకూడదంటారు కొందరు. అది కుదరదు. ఆయన తర్వాతి రెండు తరాల చిత్రకారులు ఆయన వేసిన దారిలోనే నడిచారు. ఆ దారిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. త్యాగాన్ని గీసేటప్పుడు వీళ్లు పనివాళ్లను కూడా గీశారు. 1601 ప్రాంతంలో రోమ్‌లోని సాంతా మరియా దెల్ పోపోలో చర్చికి కరవాజ్జో గీసిన పేతురు శిలువ మరణం చూడండి. తలకిందులుగా శిలువ వేయమని కోరిన ముసలి పేతురు మేకు దిగిన తన చేతి వైపు చూస్తున్నాడు. ముగ్గురు కూలీలు శిలువను ఎత్తుతున్నారు. ఒకడు తాడు లాగుతున్నాడు, ఒకడు కొయ్యను చేతులతో పట్టాడు, ఇంకొకడు పార పట్టుకుని కింద దూరి వీపుతో మోస్తున్నాడు. వాడి పిరుదులూ మట్టికొట్టుకున్న అరికాళ్లూ మనవైపే. పేతురు ముఖం కనిపిస్తుంది గానీ వీళ్ల ముఖాలు సరిగా కనిపించవు. కొయ్య బరువు, మనిషి బరువు వాళ్ల నరాల్లో కనిపిస్తాయి.

రిబేరా 1639లో గీసి, ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఫిలిప్పు హతసాక్ష్యమూ అంతే. అపొస్తలుడి రెండు చేతులూ అడ్డకొయ్యకు కట్టి, తాళ్లతో పైకి లాగుతున్నారు. లాగేవాళ్ల ఒళ్లు వెనక్కి వాలింది. ఫిలిప్పు శరీరం పటుత్వం తప్పి వేలాడుతోంది. ఎడమవైపు మూలలో బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి ఫిలిప్పును చూడదు, మనల్ని చూస్తుంది. సాల్వతోర్ రోసా 1650ల తొలినాళ్లలో గీసిన రెగ్యులస్ మరణం, ఇప్పుడు అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఉంది, ఈ ఆలోచనను రోమన్ చరిత్రకు తీసుకుపోయింది. కార్తేజ్‌కు బందీగా చిక్కిన రోమన్ సేనాని రెగ్యులస్, సంధి అడగడానికి రోమ్‌కు వెళ్లి, సంధి వద్దని తన సెనేట్‌కే సలహా చెప్పి, ఇచ్చిన మాట కోసం చావడానికి తిరిగి వచ్చాడని కథ. మాట నిలబెట్టుకున్న ఆ మహావీరుడు రోసా చిత్రంలో ఒక పీపాలో ఉంటాడు. పీపాకు మేకులు దిగ్గొట్టే మనుషులే మన చూపు పట్టుకుంటారు. వీరుడి భంగిమ చూపించే చోటే ఉండదు. ఇవి చూసి ఎవరికైనా ప్రాణమివ్వాలన్న ఉత్సాహం పుడుతుందని చెప్పేవాళ్లు ఈ చిత్రాలను నిజంగా చూశారా అని అడగాలనిపిస్తుంది.

పోషకులకు ఇవి నచ్చాయా అన్నదీ విచారించాలి. కరవాజ్జో గీసిన మరియమ్మ మరణ చిత్రాన్ని, అది చేరాల్సిన చర్చికి చెందిన సన్యాసులు తిరస్కరించారు. ఉబ్బిన పొట్టతో, సాదా మనిషి శవంలా ఉన్న మరియమ్మను వాళ్లు ఒప్పుకోలేదు. ఆ కాదన్న చిత్రాన్ని 1607లో మాంతువా ప్రభువు చేత కొనిపించింది మరెవరో కాదు, అప్పటికి ముప్పయ్యేళ్ల కుర్రవాడైన రూబెన్స్. ఆమ్‌స్టర్‌డామ్ నగర భవనం కోసం 1661–62లో రెంబ్రాంట్ బటావియన్ల నాయకుడు క్లాడియస్ సివిలిస్‌ను గీశాడు. రోమ్ మీద తిరగబడి ప్రాణాలు పణంగా పెడతామని ప్రమాణం చేసే సన్నివేశం అది. డచ్ వాళ్లు తమ స్వాతంత్ర్య పోరాటానికి మూలపురుషుడిగా తలుచుకున్న వ్యక్తి అతను. రెంబ్రాంట్ అతని గుడ్డికన్ను దాచకుండా ఎదురుగా నిలబెట్టాడు. ఆ చిత్రం కొద్ది నెలలకే గోడ దిగింది, తర్వాత కోసేసి చిన్నదైంది, మిగిలిన ముక్క స్టాక్‌హోమ్‌లో ఉంది. డబ్బిచ్చినవాడు అడిగిందే చిత్రంలోకి వస్తుందని నమ్మేవాళ్లు ఈ తిరస్కారాలకు సమాధానం చెప్పాలి.

ఇక నిందకు బలమైన ఆధారం రూబెన్సే అంటారు గనక ఆయన దగ్గరికే వెళదాం. రోమన్ కాన్సుల్ డెసియస్ మూస్ కథను ఆయన 1616–18 మధ్య చిత్రాల వరసగా గీశాడు. బ్రస్సెల్స్ నేతగాళ్లు టాపెస్ట్రీలు, అంటే గోడకు వేలాడదీసే నేత చిత్రాలు, తయారు చేయడానికి అవి నమూనాలు. ఇప్పుడు లీక్టెన్‌స్టైన్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. గీయించింది చర్చి కాదు, రాజూ కాదు. జెనోవా నగరపు పెద్దమనుషులు కొందరు గీయించారు. ఆ మాట రూబెన్స్ 1618లో రాసిన ఉత్తరంలోనే ఉంది.

కథ రోమన్ చరిత్రకారుడు లివీది. క్రీస్తుపూర్వం 340లో లాటిన్లతో యుద్ధం. ఒక వైపు సేనాని, మరో వైపు సైన్యం పాతాళ దేవతలకు బలి కావాలని ఇద్దరు కాన్సుల్స్‌కూ ఒకే కల వచ్చింది. పశువు కాలేయంలో శకునం చూస్తే డెసియస్ వైపు లోపం తేలింది. తన రెక్క వెనక్కి తగ్గుతుంటే పూజారిని పిలిచి, తల మీద వస్త్రం కప్పుకుని, గడ్డం కింద చేయి పెట్టుకుని, ఈటె మీద నిలబడి, తనతో పాటు శత్రుసైన్యాన్ని కూడా మృత్యుదేవతలకు అర్పిస్తూ మంత్రం చెప్పాడు. అంగరక్షకులైన లిక్టర్లను పంపేశాడు. ఒంటరిగా గుర్రమెక్కి శత్రువుల మధ్యలోకి దూసుకెళ్లాడు.

రూబెన్స్ ఈ కథలో చావుకు ఇచ్చింది ఒక్క చిత్రం. కల గురించి సైనికులకు చెప్పడం, కాలేయం చూపించడం, పూజారి ముందు తల వంచడం, లిక్టర్లను పంపేయడం, ఇవన్నీ దానికి ముందు నాలుగు చిత్రాలు. చావుకు ముందున్న సమయం, తాను చావబోతున్నానని తెలిసి గడిపిన సమయం, అదీ ఈ వరసలో ఎక్కువ చోటు తీసుకున్నది. ప్రచారానికి ఆ సమయంతో పనిలేదు, సందేహం పుట్టే సమయం అదే కాబట్టి. చావు చిత్రంలో డెసియస్ కళ్లు పైకి తేలాయన్నది నిజమే. నింద వేసేవాళ్లు ఆ కళ్ల దగ్గరే ఆగిపోతారు. కొంచెం కిందికి చూడండి. ఈటె అతని గొంతులో దిగింది. ముందు చిత్రంలో పూజారి చెప్పిన మంత్రాన్ని పలికిన గొంతు అది. దేవతలకు మాట ఇచ్చిన చోటే ఈటె పోటు పడింది. ముందు కాళ్లు పైకెత్తిన గుర్రం కింద శవాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చుట్టూ ఉన్న యోధులు అతని త్యాగాన్ని చూడటం లేదు, ఒకళ్లనొకళ్లు చంపుకునే పనిలో ఉన్నారు. చివరి చిత్రం అంత్యక్రియలు. లారెల్ కిరీటం పెట్టిన శవం పాన్పు మీద ఉంది. దాని ముందు ఏముందో చూడండి. దోచుకొచ్చిన సొత్తు, ఈడ్చుకొస్తున్న బందీలు, వాళ్లలో ఆడవాళ్లు. అతని చావు కొన్నదేమిటో రూబెన్స్ దాచలేదు. అదే కాన్వాసులో, అదే వెలుగులో పెట్టాడు.

దీన్ని నా ఊహ అనేవాళ్లకు రూబెన్స్ జీవితం గుర్తుచేస్తాను. ఆయన పుట్టడానికి ఏడాది ముందు, 1576లో, జీతాలందని స్పానిష్ సైనికులు ఆంట్‌వెర్ప్ నగరాన్ని దోచుకుని వేలమందిని చంపారు. అది ఆయన కుటుంబం వదిలివచ్చిన ఊరు, ఆయన తిరిగొచ్చి స్థిరపడ్డ ఊరు. డెసియస్ వరస గీసింది స్పెయిన్‌కూ డచ్ వాళ్లకూ మధ్య పన్నెండేళ్ల యుద్ధవిరామ కాలంలో. 1629–30లో ఆయనే రాయబారిగా లండన్ వెళ్లి స్పెయిన్, ఇంగ్లండ్‌ల మధ్య శాంతి కోసం పనిచేశాడు. 1638లో 'యుద్ధ పరిణామాలు' గీసి, అందులో నల్లబట్టలతో ఏడుస్తున్న స్త్రీ ఏళ్ల తరబడి దోపిడీని భరిస్తున్న యూరపేనని స్వయంగా ఉత్తరంలో రాశాడు. ఈ మనిషి చావును పండగలా గీశాడనడానికి మనసెలా వస్తుంది?

రాజుల సంగతి కూడా ఒక మాట. ఆత్మబలిదానం రాజులకు ఇష్టమైన బొమ్మ అన్నది పుస్తకాల్లో తిరిగే మరో అపోహ. రాజులకు కావలసింది విజయం. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ లె బ్రన్ చేత అలెగ్జాండర్ విజయాలు గీయించుకున్నాడు. బెర్నీనీ చెక్కిన తన అశ్వారూఢ విగ్రహం 1685లో వెర్సాయికి చేరినప్పుడు అది ఆయనకు నచ్చలేదు. జిరార్దోన్ అనే శిల్పి ఆ విగ్రహం తలకు శిరస్త్రాణం తొడిగి, గుర్రం కింది రాళ్లను మంటలుగా మార్చి, రోమ్ కోసం అగాధంలోకి దూకిన మార్కస్ కర్టియస్‌ను చేశాడు. ఆ తర్వాత దాన్ని తోటకు దూరంగా, పెద్ద చెరువు అవతలి గట్టున పెట్టారు. ఆత్మత్యాగి బొమ్మకు ఆ రాజు ఇచ్చిన స్థానం అది.

నా వైపు వాదించేవాళ్లు తప్పించుకోకూడని ప్రశ్న ఆడవాళ్ల గురించినది. లుక్రేషియా కథ అందరికీ తెలిసిందే. రాజకుమారుడు సెక్స్‌టస్ టార్క్వినియస్ ఆమెను చెరిచాడు. ఆమె జరిగింది తండ్రికీ భర్తకూ చెప్పి, పొడుచుకుని చనిపోయింది. ఆ శవాన్ని చూపించి బ్రూటస్ రాచరికాన్ని కూలదోసి రోమన్ గణతంత్రం తెచ్చాడు. శతాబ్దాలపాటు ఈ కథ ఆడవాళ్లకు చావడమెలాగో నేర్పే పాఠంగా వాడుకలో ఉంది. నేరం చేయనిది తనను తాను ఎందుకు చంపుకోవాలని అయిదో శతాబ్దంలోనే పునీత అగస్టీన్ ప్రశ్నించాడు కూడా. గీదో రేనీ, ఆయన కార్ఖానా మళ్లీ మళ్లీ తయారు చేసిన లుక్రేషియాలు నిజంగానే నిందకు తగినవి. తెల్లటి భుజాలు, పైకెత్తిన కళ్లు, నొప్పి తెలియని చర్మం. చూసేవాడికి విలాసం, చూసే ఆడదానికి హెచ్చరిక. వాటిని సమర్థించను.

రెంబ్రాంట్ అదే కథను రెండుసార్లు గీశాడు. 1664 నాటిది వాషింగ్టన్‌లో ఉంది, 1666 నాటిది మినియాపొలిస్‌లో. మొదటిదాంట్లో బాకు మొన ఆమె వైపు తిరిగి ఉంది, ఇంకా దిగలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎవరినో ఆపుతున్నట్టు లేచింది. రెండోదాంట్లో పొడుచుకోవడం అయిపోయింది. పలచటి తెల్ల లోచొక్కా మీద నెత్తురు తడిసి కిందికి జారుతోంది. కుడిచేతిలో బాకు ఇంకా ఉంది. ఎడమచెయ్యి పక్కన వేలాడే తాడును పట్టుకుంది, ఇంట్లోవాళ్లను పిలిచే గంట తాడు అది కావచ్చు, కూలిపోకుండా ఉండడానికి పట్టుకున్న ఆసరా కావచ్చు. కళ్లు ఎర్రబడి తడిగా ఉన్నాయి. చూపు మన మీద లేదు, దేవుడి మీదా లేదు. ఒంటి మీద బట్టలు పూర్తిగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద సంగతి, బ్రూటస్ లేడు. భర్త లేడు, తండ్రి లేడు, గణతంత్రం లేదు. ఆమె చావును రాజకీయానికి వాడుకున్న మగవాళ్లందర్నీ రెంబ్రాంట్ గది బయటే నిలబెట్టేశాడు. ఆ చావు ఎవరి ప్రయోజనమూ తీర్చకుండా ఆమెదిగానే మిగిలింది. వేరే కథ తీసుకుని అర్తెమీసియా జెంటిలెస్కీ ఇదే దిశలో నడిచింది. తన జాతి కోసం పిలవకుండా రాజు ముందుకు వెళ్లి ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఎస్తేరును, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న తన చిత్రంలో, ఆమె మోకాళ్లలో సత్తువ పోయి సొమ్మసిల్లే క్షణంలో పట్టుకుంది. ధైర్యానికి భయం ఒళ్లంతా ఉంటుందని ఆమెకు తెలుసు.

మరి చావును శుభ్రం చేసిందెవరు? బరోక్ అతిని వదిలించుకున్నామని గర్వపడిన నియోక్లాసికల్ చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ చేశాడు. 1793లో హత్యకు గురైన ఫ్రెంచి విప్లవ నాయకుడు మరాను ఆయన గీసిన తీరు చూడండి. మరా ఒంటిని పట్టిపీడించిన చర్మవ్యాధి జాడ లేదు. గాయం చిన్న గీత. స్నానపు తొట్టి బయటికి వాలిన చెయ్యి, కరవాజ్జో వాటికన్ చిత్రంలో సమాధికి మోసుకుపోతున్న క్రీస్తు చేతినుంచి వచ్చిందని పండితులు ఎప్పుడో గుర్తించారు. కరవాజ్జో చిత్రంలో ఆ శవాన్ని మోసేవాడు మోకాళ్లు కలిపి పట్టుకుని బరువుకు వంగిపోతాడు. దావీద్ చెయ్యి తీసుకున్నాడు, బరువు వదిలేశాడు.

అంతకంటే ఘోరం బారా చిత్రం. జోసెఫ్ బారా పద్నాలుగేళ్ల పిల్లవాడు. 1793 డిసెంబరులో వాందే తిరుగుబాటు ప్రాంతంలో గుర్రాలు అప్పగించనన్నందుకు చనిపోయాడని అతని సేనాని రాశాడు. ఆ నెలాఖరుకే మరో విప్లవ నాయకుడు రోబెస్పియర్ ఆ చావును పెద్దది చేసి, రాజుకు జై కొట్టమంటే గణతంత్రానికి జై కొట్టి చనిపోయాడని సభలో చెప్పాడు. పిల్లవాడి బొమ్మ అచ్చువేసి ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పంపాలని కన్వెన్షన్ అనే ఆ సభ తీర్మానించింది. దావీద్ చిత్రం గీయడానికి పూనుకున్నాడు. ఇప్పుడది ఆవిన్యోన్‌లో ఉంది. నగ్నంగా నేలమీద పడుకున్న లేతశరీరం, గుండెకు అదుముకున్న మూడురంగుల గుర్తు, ముఖంలో తృప్తి లాంటి నిద్ర. గాయం లేదు. నెత్తురు చుక్క లేదు. చంపినవాళ్లు లేరు. పిల్లవాడి శరీరానికి ఏం జరిగిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. బారా గౌరవార్థం 1794 జులై 28న పెద్ద ఉత్సవం జరగాల్సి ఉంది. ముందురోజే రోబెస్పియర్ పతనమయ్యాడు, ఉత్సవం జరగాల్సిన రోజున గిలటిన్ ఎక్కాడు, చిత్రం అసంపూర్తిగా ఆగింది. పిల్లల్ని చావుకు పిలిచే చిత్రకళ అంటే ఇది. వింకెల్‌మన్ కోరుకున్న ప్రశాంతత ఇందులో పూర్తిగా ఉంది. రిబేరా తాళ్లు, కూలీల అరికాళ్లు, గొంతులో ఈటె, నెత్తుటి లోచొక్కా ఏవీ లేని ప్రశాంతత. అయినా పాఠ్యపుస్తకాలు దావీద్‌ను నిగ్రహానికి ఉదాహరణగా, బరోక్‌ను ఉద్వేగపు మత్తుగా చెబుతూనే ఉన్నాయి.

చివరికి మిగిలే అభ్యంతరం ఒకటి. ఇదంతా ఈ కాలపు మనసుతో నేను చదువుకుంటున్నాననీ, పదిహేడో శతాబ్దపు చిత్రకారులకు ఈ ఉద్దేశాలు లేవనీ అంటారు. ఆ కాలపు విమర్శకులను చదివితే ఆ మాట నిలబడదు. 1672లో బెల్లోరీ కరవాజ్జో మీద చేసిన ఫిర్యాదు ఆడంబరం ఎక్కువైందని కాదు. హుందాతనం వదిలేశాడని, ఉన్నత సౌందర్యాన్ని వెతక్కుండా ఎదురుగా కనిపించే మామూలు మనుషులనే గీశాడని. పవిత్ర మరణానికి కావలసిన సొగసు అందులో లేదని ఆనాటివాళ్లకు స్పష్టంగా కనిపించింది, అందుకే నొచ్చుకున్నారు. పైగా కరవాజ్జోకు ఆ సొగసు ఎలా గీయాలో తెలుసు. 1600లో రోమ్‌లోని సాన్ లుయీజీ చర్చికి గీసిన మత్తయి హతసాక్ష్యంలో దేవదూత మబ్బు అంచునుంచి వంగి ఖర్జూరపు మట్ట అందిస్తాడు. ఎనిమిదేళ్ల తర్వాత మాల్టాలో ఆ దూతను తీసేసింది తెలియక కాదు. మత్తయి చిత్రంలో కూడా, తలారి పట్టులో ఉన్న ముసలివాణ్ణి వదిలి జనం నాలుగు దిక్కులకూ పారిపోతున్నారు, ఒక కుర్రవాడు అరుస్తూ పరిగెడుతున్నాడు. వెనకాల చీకట్లో ఒక గడ్డపువాడు పారిపోతూ తల తిప్పి చూస్తున్నాడు. ఆ ముఖం కరవాజ్జోది. హతసాక్షి పక్కన నిలబడే అవకాశం చేతిలో ఉండగా తన బొమ్మను పారిపోయేవాళ్లలో పెట్టుకున్నవాడిని, చావుకు జనాన్ని పోగుచేసిన ప్రచారకుడని ఏ ఆధారంతో అంటున్నారో ఆ మాట అనేవాళ్లు చెప్పాలి.